ర్యాంకుల జాబితా కంటే ముందు చూడాల్సింది

ఇంటర్ అయిపోగానే పిల్లల్ని నేరుగా అమెరికాలో డిగ్రీకి పంపాలనుకునే తెలుగు ఇళ్లలో మొట్టమొదట జరిగే పని ర్యాంకుల జాబితా తెరవడం. ప్రిన్స్‌టన్ ఎన్నో స్థానంలో ఉంది, స్టాన్‌ఫర్డ్ ఎన్నో స్థానంలో ఉంది, మన అమ్మాయి మార్కులకు ఏది అందుతుంది అని లెక్కలు మొదలవుతాయి. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), జేఈఈ కౌన్సెలింగులు చూసిచూసి ఉన్నవాళ్లం కాబట్టి అలా ఆలోచించడం సహజం. ఇక్కడ ర్యాంకును బట్టి సీటు వస్తుంది, ఫీజు ఎంతో ముందే తెలుస్తుంది, ఆ ఫీజు మనం కట్టగలమా లేదా అన్నది సీటు కేటాయించే కంప్యూటరుకు అక్కర్లేని సంగతి. అమెరికాలోని చాలా యూనివర్సిటీలు మాత్రం విదేశీ విద్యార్థి విషయంలో దాన్ని పట్టించుకుంటాయి. తల్లిదండ్రులు ఎంత కట్టగలరన్నది సీటు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలోనే ఒక భాగం. అలా చూడని కళాశాలలు కొద్దిగానే ఉన్నాయి. ఈ తేడా ఏ ర్యాంకుల పట్టికలోనూ కనిపించదు. అందుకే నా వాదన ఒక్కటే: మధ్యతరగతి కుటుంబం తన దరఖాస్తుల జాబితాను ర్యాంకు చూసి కాకుండా, విదేశీ విద్యార్థికి డబ్బు విషయంలో ఒక్కో కళాశాల ఏం చెబుతోందో చూసి తయారు చేసుకోవాలి. వ్యాసాలు, సిఫారసు లేఖలు, శాట్ స్కోరు ఆ తర్వాతి సంగతులు.

ఈ సంగతి మన దగ్గర అంతగా ప్రచారంలోకి రాకపోవడానికి కారణం అంకెల్లోనే ఉంది. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క చెప్పింది. ఆ ఏడాదే చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి వచ్చింది. వీరిలో 1,96,567 మంది పీజీ, ఆపై చదువుల్లో ఉన్నారు. మరో 97 వేల మందికి పైగా చదువు పూర్తిచేసుకుని ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేస్తున్నారు. డిగ్రీ చదివేవాళ్లు 36 వేల మందే. అంటే మన ఊళ్లలో, మన బంధువుల్లో, అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో పోగుపడ్డ అనుభవమంతా దాదాపుగా ఎంఎస్‌ది. జీఆర్‌ఈ, ఎస్‌ఓపీ, బ్యాంకు లోను, ఐ-20, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ: ఈ దారి అందరికీ కొట్టిన పిండి. ఎంఎస్‌కు వచ్చే విద్యార్థి సొంత డబ్బుతోనో అప్పుతోనో వస్తాడని చాలా యూనివర్సిటీలు ముందే అనుకుంటాయి. డిగ్రీ స్థాయిలో, అందులోనూ పేరున్న ప్రైవేటు కళాశాలల్లో, కుటుంబ స్థోమతను బట్టి ఫీజు తగ్గించే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. ఎంఎస్‌కు వెళ్లొచ్చిన బాబాయి ఎంత మంచి మనసుతో సలహా చెప్పినా, ఆయన దాటిన గుమ్మం వేరు.

విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితిని అసలు చూడకుండా సీటు నిర్ణయించే పద్ధతిని నీడ్-బ్లైండ్ అంటారు. అలా సీటు ఇచ్చి, ఇచ్చాక అవసరమైన డబ్బు మొత్తం సర్దే కళాశాలలు కొన్ని ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ చాలాకాలంగా ఈ మాట మీద ఉన్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ చేరాయి. 2025లో చేరే విద్యార్థుల నుంచి బ్రౌన్, నోటర్ డామ్ కూడా ఈ విధానానికి వచ్చాయి. వీటిలో ఆమ్హర్స్ట్, బోడిన్ పేర్లు మన దగ్గర చాలామంది విని ఉండరు. పీహెచ్‌డీలు ఇచ్చే పెద్ద యూనివర్సిటీలు కావవి, డిగ్రీ చదువు మీదే దృష్టి పెట్టే చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు. మనం చూసే ప్రపంచ ర్యాంకుల పట్టికలు పరిశోధనకు ఎక్కువ మార్కులు వేస్తాయి కాబట్టి ఇవి వాటిలో కనబడవు. డబ్బు లేని విద్యార్థికి మాత్రం ఇవి హార్వర్డ్‌తో సమానమైన హామీ ఇస్తున్నాయి. ర్యాంకు చూసి జాబితా రాసుకున్న కుటుంబం మొదటి అడుగులోనే వీటిని పోగొట్టుకుంటుంది.

ఆ హామీ విలువ ఎంతో రూపాయల్లో చూద్దాం. అగ్రశ్రేణి ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్, హాస్టలు, భోజనం, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి 85,000 డాలర్లు, ఆ పైన అవుతుంది. మన డబ్బులో 70 లక్షలు దాటిన మాట, నాలుగేళ్లకు దాదాపు మూడు కోట్లు. ఈ అంకె చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఇది కారు ధర లాంటి ఖరారు ధర కాదు. హార్వర్డ్ 2025-26 నుంచి ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల నుంచి ఏమీ తీసుకోవడం లేదు. ట్యూషన్‌తో పాటు తిండి, వసతి, ఆరోగ్య బీమా, ఇంటికి వెళ్లొచ్చే ప్రయాణ ఖర్చు కూడా తనే భరిస్తుంది. మొదటి ఏడాది కొత్తచోట కుదురుకునే ఖర్చుల కోసం 2,000 డాలర్లు అదనంగా ఇస్తుంది. రెండు లక్షల డాలర్ల లోపు వాళ్లకు ట్యూషన్ ఉండదు. ఎంఐటీ కూడా 2025 నుంచి దాదాపు ఇవే హద్దులు పెట్టింది. ఈ సాయం అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు, పౌరసత్వంతో పని లేదు. లక్ష డాలర్లంటే ఎనభై లక్షల రూపాయలకు పైమాటే. ప్రభుత్వ టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, రైతులు దాదాపు అందరూ ఆ గీతకు చాలా కిందే ఉంటారు. ఒక్క జాగ్రత్త అవసరం: ఈ హద్దులు మామూలు ఆస్తిపాస్తులున్న కుటుంబాలకు పెట్టినవి. జీతం తక్కువే అయినా హైదరాబాద్ శివార్లలో కోట్లు పలికే భూమి ఉంటే లెక్క మారుతుంది.

మిగతా పెద్ద పేర్లలో చాలావాటిది కుటుంబ స్థోమతను కూడా చూసి సీటిచ్చే నీడ్-అవేర్ పద్ధతి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్, కార్నెల్, డ్యూక్ ఈ కోవలోకి వస్తాయి. చేర్చుకున్న విదేశీ విద్యార్థికి కావలసినంతా ఇస్తామంటాయి, కానీ అలా ఇవ్వడానికి పక్కన పెట్టిన సొమ్ముకు పరిమితి ఉంది. కాబట్టి సాయం అడిగినవాళ్ల మధ్య పోటీ ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడే ఇంట్లో ఎవరో ఒకరు తెలివైన సలహా అనుకుని ఒక మాట అంటారు: ముందు సాయం అక్కర్లేదని రాసి సీటు తెచ్చుకుందాం, చేరాక అడుగుదాం. ఈ సలహా చాలా ప్రమాదకరమైంది. ఇలాంటి కళాశాలల్లో ఎక్కువ భాగం, దరఖాస్తు సమయంలో సాయం అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాతి నాలుగేళ్లూ సాయం ఇవ్వబోమని ముందే స్పష్టంగా రాస్తాయి. సీటు వచ్చిందన్న సంతోషం రెండో సెమిస్టర్ ఫీజు నోటీసు దాకానే నిలుస్తుంది. నీడ్-అవేర్ చోట నిజంగా అవసరమున్నవాళ్లు అవసరాన్ని చెప్పి, తగ్గిన అవకాశాన్ని ఒప్పుకుని దరఖాస్తు చేయాలి. కార్నెల్‌లో మన దేశ విద్యార్థులకు ప్రత్యేకంగా టాటా స్కాలర్‌షిప్ ఉంది. టాటా ట్రస్టు 2008లో ఇచ్చిన నిధితో ఏర్పడిన దీని మీద ఏ సమయంలో చూసినా ఇరవై మంది దాకా చదువుతుంటారు. హార్వర్డ్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఎనిమిదింటిలో మెరిట్ స్కాలర్‌షిప్ అన్నదే లేదని కూడా గుర్తుంచుకోవాలి. డ్యూక్‌లో రాబర్ట్‌సన్, చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మోర్‌హెడ్-కెయిన్ వంటివి ప్రతిభకు ఇచ్చేవి, విదేశీయులకూ అవకాశం ఉంది, సంఖ్య మాత్రం బహు తక్కువ. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ వంటి ప్రభుత్వ యూనివర్సిటీల పేరు చూసి మనవాళ్లు ఎక్కువగా ఆశపడతారు. బయటి విద్యార్థుల నుంచి అదనపు ఫీజు వసూలు చేసి, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం దాదాపు ఏమీ ఇవ్వనివి అవే.

అందువల్ల మొత్తం దరఖాస్తులో కుటుంబమంతా కూర్చుని, అన్నిటికంటే శ్రద్ధగా నింపాల్సింది వ్యాసం కాదు, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక పత్రం. అమెరికా ఉద్యోగస్తుల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని కూర్చిన ప్రశ్నలవి. వరంగల్‌లో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాన్న ప్రభుత్వ టీచరు, ఆయన జీతానికి ఫారం-16 ఉంది. అమ్మ పేరున ఊళ్లో మూడెకరాల పొలం, కౌలుకు ఇచ్చారు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి అమ్మ రిటర్ను వేయలేదు. అమెరికాలో పత్రం చదివే అధికారికి రిటర్ను లేకపోవడం అంటే ఆదాయం లేదనో, దాస్తున్నారనో అర్థం. కౌలు ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది, పన్ను ఎందుకు లేదు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఆంగ్లంలో జతచేస్తే ఆ అనుమానం తీరుతుంది. భూమి విలువ అడిగినప్పుడు రిజిస్ట్రేషన్ విలువ కాదు, ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో అది రాయాలి. అక్క పెళ్లికి నోటు మీద తెచ్చిన అప్పు బ్యాంకు కాగితాల్లో కనబడదు. తాతయ్య, నానమ్మల మందుల ఖర్చు ఏ గడిలోనూ పట్టదు. ఇలాంటివాటికి చివర్లో ప్రత్యేక పరిస్థితులు వివరించే చోటు ఉంటుంది. మన ఇళ్ల ఆర్థిక జీవితంలో సగం అక్కడే బయటపడుతుంది, అయినా చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మొత్తాలన్నీ రూపాయల్లోనే రాయొచ్చు. ఈ పత్రానికి రుసుము ఉంది, కొన్ని కళాశాలలు అడిగితే మాఫీ కోడ్ ఇస్తాయి. అడగడం నామోషీ కాదు.

ఆదాయం తక్కువ చూపిస్తే ఎక్కువ వస్తుంది కదా అని తోచవచ్చు. దొంగ పత్రాల సంగతి తర్వాతైనా బయటపడుతుంది. నకిలీ పత్రాలతో పూర్తి స్కాలర్‌షిప్ పొందిన ఒక భారతీయ విద్యార్థిని 2024లో అమెరికాలో అరెస్టు చేశారు. సీటూ పోయింది, దేశమూ వదలాల్సి వచ్చింది. నైతికత పక్కన పెట్టి చూసినా, నిజం చెబితేనే చేతికందే సాయం కోసం అబద్ధం ఆడటం అర్థం లేని పని. పైగా అలాంటి కేసు ఒకటి బయటపడ్డప్పుడల్లా మన ఊళ్ల నుంచి వెళ్లే నిజాయితీ గల దరఖాస్తుల మీదా అనుమానం పడుతుంది.

ఇంత చేసినా సీటు రావాలి కదా, అది లాటరీయే కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 2024లో హార్వర్డ్‌కు 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి సీటు ఇచ్చింది. ఎంఐటీలో విదేశీ విద్యార్థులకు వచ్చేసరికి నూటికి ఇద్దరు. ప్రపంచమంతటి నుంచీ ఏటా 150 మందికి లోపే. ఈ అంకెల ముందు ఎవరికీ భరోసా ఇవ్వలేం. నీడ్-బ్లైండ్ చోట్లకు మాత్రమే దరఖాస్తు చేసి ఇంట్లో కూర్చోమని నేను అనడం లేదు. జేఈఈ, ఎంసెట్ వదిలేయమనీ అనడం లేదు. కానీ లాటరీ అన్న మాటా పూర్తిగా నిజం కాదు. హార్వర్డ్ ప్రవేశాల పద్ధతి మీద నడిచిన కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకు వచ్చినప్పుడు ఆ యూనివర్సిటీ లోపలి పద్ధతులు చాలావరకు బయటికొచ్చాయి. దరఖాస్తులను ప్రాంతాల వారీగా పంచుకుని చదువుతారు. చదువు, చదువేతర పనులు, క్రీడలు, వ్యక్తిత్వం అన్నవాటికి వేర్వేరుగా 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. తర్వాత కమిటీలో కూర్చుని చర్చించి ఓటు వేస్తారు. దరఖాస్తు చదివే అధికారి మనసులో ఉండే ప్రశ్న, ఈ విద్యార్థికి ఎన్ని మార్కులు అన్నది ఒక్కటే కాదు. తన చుట్టూ ఉన్న పరిస్థితుల్లో, తన బడి ఇచ్చిన వసతుల్లో, ఎంత దూరం వచ్చింది అన్నది కూడా. ఇక్కడే డబ్బు గురించి నిజం చెప్పడం మిగతా దరఖాస్తుకు కూడా బలమవుతుంది. కుటుంబ ఆదాయం, బడి, ఇంటి బాధ్యతలు ఒకే కథ చెబితే చదివేవాళ్లకు ఆ విద్యార్థి కళ్లకు కడుతుంది.

కామన్ అప్లికేషన్‌లో చదువేతర పనులకు పది వరుసలుంటాయి. ఒక్కోదానికి 150 అక్షరాలే. మన పిల్లలు చాలామంది అక్కడ నాయకత్వం, సమాజ సేవ, పర్యావరణ పరిరక్షణ పట్ల ఆసక్తి అని రాసి, కొత్తగా పెట్టిన ఒక ఎన్‌జీఓ పేరు చేరుస్తారు. కన్సల్టెన్సీలు దీన్నే ప్రొఫైల్ కట్టడం అని డబ్బు తీసుకుంటాయి. ఏటా వందలాది దరఖాస్తులు చదివే అధికారికి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. అదే పెట్టెలో ఒక జనగామ అమ్మాయి, నాన్న కిరాణా కొట్లో సాయంత్రం నాలుగు గంటలు కూర్చుంటాను, ఉద్దెర పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి మార్చాను, ఎవరికి ఏ నెల ఇబ్బందో ఇప్పుడు తెలుస్తోంది అని రాస్తే అందులో పని ఉంది, తెలివి ఉంది, మనుషుల పట్ల గమనింపు ఉంది. ఫారంలోనే కుటుంబ బాధ్యతలు అనే విభాగం విడిగా ఉంది, జీతానికి చేసిన పనికీ చోటుంది. తమ్ముడికి లెక్కలు చెప్పడం, పత్తి ఏరే రోజుల్లో పొలంలో ఉండటం అక్కడ రాయదగ్గ విషయాలే. 650 పదాల వ్యాసానికీ ఇదే వర్తిస్తుంది. ఎవరో రాసిచ్చిన వ్యాసం నున్నగా ఉంటుంది, దాన్ని రాసిన పిల్ల మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. ఒలింపియాడ్ పతకం, నిజంగా నడిచిన ప్రయోగం ఉంటే అవి చాలా విలువైనవి. లేకపోతే నకిలీవి తయారు చేయడం కన్నా ఉన్న జీవితాన్ని సూటిగా చెప్పడమే మేలు.

మన రాష్ట్రాల్లో అసలు ఇబ్బంది కాగితాల దగ్గర వస్తుంది. అమెరికా కళాశాలలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతాయి. మన పిల్లలు పదో తరగతి ఒక బడిలో, ఇంటర్ మరో కార్పొరేట్ కాలేజీలో చదువుతారు. తొమ్మిదో తరగతి మార్కుల పత్రం కోసం పాత బడికి వెళితే, అక్కడ రిజిస్టరు దొరికితే అదృష్టం. కౌన్సెలర్ లేఖ ఇవ్వాల్సిన మనిషి అసలు ఉండరు, ప్రిన్సిపాలే ఆ పని చేయాలి. ఇద్దరు లెక్చరర్ల సిఫారసు కావాలి. ఒక సెక్షన్‌లో అరవై, డెబ్భై మందికి, అలాంటి సెక్షన్లు ఎన్నిటికో పాఠం చెప్పే లెక్చరరుకు ఒక విద్యార్థిని గురించి ప్రత్యేకంగా ఏం గుర్తుంటుంది? తను ఏ లెక్క దగ్గర ఆయనతో వాదించిందో, ఏ ప్రయోగం రెండోసారి చేసిందో ఒక పేజీ రాసి ముందే ఇస్తే ఆయనకు నిజంగా సాయం చేసినట్టే. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయిన వేసవిలోనే ఇదంతా మొదలుపెట్టాలి. ప్రాథమిక సమాచారం కోసం అమెరికా ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

శాట్ గురించి కొద్దిగా చెబితే చాలు. కరోనా సమయంలో దాన్ని ఐచ్ఛికం చేసిన అగ్రశ్రేణి కళాశాలల్లో పలు వెనక్కి తిరిగాయి. 2022లో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ మళ్లీ పరీక్ష స్కోరును తప్పనిసరి చేశాయి. డార్ట్‌మత్ చెప్పిన కారణం మనం గమనించాలి: పేద నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థులు తమకు మేలు చేసే స్కోర్లను కూడా తక్కువనుకుని పంపకుండా ఆపేశారు. పరిమిత వసతుల బడి నుంచి వచ్చిన 1400, ఖరీదైన ఇంటర్నేషనల్ స్కూలు నుంచి వచ్చిన 1500 కన్నా ఎక్కువ చెప్పొచ్చు. తేదీల్లో ఒక్క సంగతి మనకు ఇబ్బంది. ముందస్తు దరఖాస్తుకు నవంబరు మొదటి తేదీ, మామూలు దరఖాస్తుకు జనవరి మొదటి వారం గడువు. ఆ వెంటనే జేఈఈ మెయిన్, తర్వాత ప్రాక్టికల్స్, ఫిబ్రవరి చివరి నుంచో మార్చిలోనో ఇంటర్ పరీక్షలు. ముందస్తు దరఖాస్తుల్లో ఎర్లీ డిసిషన్ అనేదానికి కట్టుబడాలి, సీటు ఇస్తే చేరి తీరాలి. ఇచ్చిన సాయం చాలకపోతే బయటపడే వీలుంది కానీ, నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం పోతుంది. డబ్బు ముఖ్యమైన కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

ఇన్ని చెప్పినా అమెరికా అగ్రశ్రేణి కళాశాలలు డబ్బున్నవాళ్లవే కదా అన్న ఆక్షేపణ మిగులుతుంది. దానికి ఆధారాలూ ఉన్నాయి. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ఒకే స్థాయి శాట్ స్కోరు ఉన్న అమెరికా పిల్లల్లో, మధ్యతరగతి పిల్లల కంటే అత్యంత సంపన్నులైన ఒక శాతం ఇళ్ల పిల్లలు ఈ కళాశాలల్లో చేరే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ. పూర్వ విద్యార్థుల పిల్లలకు, దాతల పిల్లలకు, క్రీడాకారులకు దక్కే మొగ్గు హార్వర్డ్ కేసులో రికార్డులకెక్కింది. 2019లో బయటపడ్డ కళాశాల ప్రవేశాల ముడుపుల కుంభకోణంలో ధనవంతులైన తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు. ఇవన్నీ నిజాలే, అన్యాయాలే. కానీ ఈ నిజాలు నా వాదనను బలపరుస్తున్నాయి. డబ్బు ఇంతగా లెక్కలోకి వచ్చే వ్యవస్థలో, డబ్బు చూడబోమని రాతపూర్వకంగా చెప్పిన తొమ్మిదో పదో కళాశాలలను వెతికి పట్టుకోకపోవడం మనకు మనం చేసుకునే రెండో అన్యాయం.

అప్పు తెచ్చి పంపుదాం, ఉద్యోగం వచ్చాక తీరుస్తాడు అనేది మరో మాట. ఎంఎస్‌లో రెండేళ్ల ఖర్చుకు ఆ లెక్క కొందరికి సరిపోయింది. మూడు కోట్ల డిగ్రీకి సరిపోదు. చదువయ్యాక ఓపీటీ పన్నెండు నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో ఇరవై నాలుగు నెలలు. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల్లో కొన్నిటిపై లక్ష డాలర్ల రుసుము రాత్రికి రాత్రి వచ్చిపడింది. ఇల్లు తాకట్టు పెట్టిన అప్పును ఇలాంటి నిబంధనల మీద నిలబెట్టకూడదు. సాయం సరిపోని సీటును వదులుకోవడం ఓటమి కాదు. ఇక్కడే బీటెక్ చేసి తర్వాత వెళ్లడం మంచి దారే. మైక్రోసాఫ్ట్ సీఈఓగా ఎదిగిన సత్య నాదెళ్ల విస్కాన్సిన్-మిల్వాకీలో, అడోబీ సీఈఓగా ఎదిగిన శంతను నారాయణ్ ఉస్మానియా తర్వాత బౌలింగ్ గ్రీన్‌లో ఎంఎస్ చేశారు. ఆ రెండూ ర్యాంకుల పట్టికల్లో పైన ఉండే పేర్లు కావు. సైన్సు, ఇంజినీరింగ్‌లలో పీహెచ్‌డీకి మంచి యూనివర్సిటీలు సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండు కూడా ఇస్తాయి. పరిశోధన మీద ఇష్టమున్న పిల్లలకు అది డబ్బు ఖర్చు కాకుండా ఉండే రెండో తలుపు.

వీసా భయం 2025లో పెరిగింది. మే నెలలో హార్వర్డ్ విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేస్తే కోర్టు వెంటనే నిలిపేసింది. అదే నెలలో కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు విరామం ఇచ్చి, జూన్‌లో సోషల్ మీడియా పరిశీలనతో మళ్లీ మొదలుపెట్టారు. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. అందుకే మన దగ్గరి సీటును చివరిదాకా చేతిలో ఉంచుకోవాలి. అయితే వీసా ఇంటర్వ్యూలో ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు, కళాశాల పూర్తి సాయం, వీసా కోసం అది ఇచ్చే ఐ-20 పత్రం మీదే రాసి ఉన్న విద్యార్థి పరిస్థితి, కొద్ది రోజుల కోసం బంధువుల డబ్బు ఖాతాలో నింపుకున్న విద్యార్థి పరిస్థితి కంటే గట్టిగా ఉంటుంది.

మార్చి చివర్లో సీటు వచ్చిందన్న మెయిల్‌తో పాటు సాయం వివరాల లేఖ వస్తుంది. దాన్ని మొత్తం అంకె చూసి మూసేయకూడదు. అందులో ఎంత గ్రాంటు, ఎంత విద్యార్థి క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోవాల్సింది, ఎక్కడైనా అప్పు కలిపారా, ఆరోగ్య బీమా, విమాన ఛార్జీలు ఉన్నాయా లేవా విడివిడిగా చూడాలి. ఏటా ఫీజు పెరిగితే సాయం కూడా పెరుగుతుందా, రూపాయి పడిపోతే మన వాటా మళ్లీ లెక్కవేస్తారా అని మెయిల్ రాసి అడగాలి. నాన్న ఉద్యోగం పోవడం, పంట పోవడం వంటివి దరఖాస్తు తర్వాత జరిగితే ఆధారాలతో తిరిగి పరిశీలించమని కోరవచ్చు. చాలా కార్యాలయాలు పరిశీలిస్తాయి. జవాబు చెప్పాల్సిన గడువు మే 1. అప్పటికి ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఎంసెట్ ఇంకా రాయాల్సి ఉంటుంది, అది కూడా రాయాలి.